ఊరి చర్చి కీబోర్డు నుంచి పవిత్ర సంగీతంలో పీజీ దాకా: రాయలసీమ వాద్యకారులకు మార్గదర్శి

"అన్నా, ఆర్గన్‌లో పీజీ కూడా ఉంటుందట కదా! మనలాంటివాళ్లకు సీటు ఇస్తారా?"

కడప, కర్నూలు, అనంతపురం చర్చిల్లో కీబోర్డు వాయించే తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఉంటుంది, ఇస్తారు. ఆర్గన్ అంటే చేతులతోనూ కాళ్లతోనూ వాయించే చర్చి వాద్యం. కాకపోతే ఆ పీజీ వేళ్ల వేగానికి ఇచ్చే పట్టా అనుకుని బయలుదేరితే గుమ్మం తలకు తగులుతుంది. నాకు తగిలింది. మొదటిసారి ప్రవేశ పరీక్షకు మూడు పెద్ద రచనలు కంఠతా పట్టి, చెన్నైలో ఒక ఆర్గన్ ముందు కూర్చుని వీడియో కాల్‌లో వాయించాను. రెండు విని చాలన్నారు. తర్వాత ఒక మామూలు కీర్తన చూపించి, దాన్ని ఒక స్వరం కిందికి దించి, ఎదురుగా సంఘం పాడుతోందనుకుని నాలుగు చరణాలు వాయించమన్నారు, ఏ చరణమూ ఇంకోదానిలా ఉండకూడదన్నారు. నేను నాలుగూ ఒకేలా వాయించాను, అదీ తడుముకుంటూ. ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం చేస్తున్న పనిలోనే తప్పాను.

అందుకే ఇందులో పెద్ద రచనల గురించి తక్కువ, ఆదివారం గురించి ఎక్కువ ఉంటుంది. ఈ పీజీ సాధారణంగా రెండేళ్లు. ఆర్గన్ వాదన అందులో ఒక పాయ మాత్రమే. క్వయర్‌ను (గాయకబృందాన్ని) నడపడం, ఆశువుగా వాయించడం, కీర్తనల చరిత్ర, ఆరాధనక్రమం, కొంత వేదాంతం మిగతా పాయలు. చేరేనాటికి ఇవన్నీ కొంతైనా వచ్చి ఉండాలి. ఇంట్లోనే మొదలుపెడితే మూడు, నాలుగేళ్ల పని. తొందరగా అయ్యే దారి ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఒకటో మెట్టు: కీబోర్డులో తాళం వాయించే బటన్ వదిలేయండి

మన చర్చిల్లో ఎక్కువగా ఉన్నది ఐదు సప్తకాలు, 61 మెట్ల కీబోర్డు. ఎడమచేత్తో ఒక కార్డు (కలిపి నొక్కే రెండు మూడు స్వరాల గుంపు) పట్టుకుంటే డ్రమ్ములు, బేసు, గిటారు అన్నీ అదే వాయించేస్తుంది. పెళ్లిళ్లకు బాగుంటుంది. ఆర్గన్ చదువుకు మాత్రం అది అలవాటైన కుంటి కర్ర. ఆరు నెలలు ఆ బటన్ ముట్టకండి. స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్ కూడా పక్కన పెట్టండి.

కారణం ఇది. పియానో మెట్టు నొక్కి ఉంచినా స్వరం సన్నగిల్లుతూ ఆరిపోతుంది. ఆర్గన్ స్వరం వేలు ఉన్నంతసేపూ అదే బలంతో నిలుస్తుంది, వేలు తీయగానే తెగుతుంది. అంటే ఎక్కడ నొక్కాలన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ తీయాలన్నదీ అంతే ముఖ్యం. స్వరం తెగకుండా మెట్టు మీదే వేలు మార్చుకోవడం నేర్చుకోవాలి: చిటికెన వేలు నొక్కి ఉంచిన మెట్టు మీదికి ఉంగరపు వేలు నెమ్మదిగా జరిగి వస్తుంది, చిటికెన వేలు తర్వాతి మెట్టుకు వెళుతుంది. పది రోజులు చేయి నొప్పి పుడుతుంది, తర్వాత మరిచిపోతారు.

దీనికంటే కష్టమైనది ఒకే స్వరం వరసగా రెండు మూడుసార్లు వచ్చే చోటు. పై స్వరాన్ని ప్రతిసారీ కొద్దిగా విడగొట్టాలి, లేకపోతే సంఘానికి లయ వినిపించదు. లోపలి స్వరాలను మాత్రం కలిపి పట్టుకోవాలి, లేకపోతే మొత్తం టకటకమంటుంది. ఒకే చేతిలో ఒక వేలు లేస్తూ, పక్క వేలు కదలకుండా ఉండాలి. ఇక చరణంలో పాదం ముగిసినచోట మీ రెండు చేతులూ లేవాలి. అక్కడ జనం ఊపిరి తీసుకుంటారు. మీరు ఊపిరి తీసుకోకపోతే వాళ్లకు తీసుకునే చోటు దొరకదు. కాబట్టి వాయిస్తూ మీరూ పాడండి, గొంతు ఎలా ఉన్నా సరే.

రెండో మెట్టు: ఏ శ్రుతికైనా దించగలగాలి

ఒక ఆదివారం సంస్కారపు ఆరాధన మధ్యలో కరెంటు పోయింది. సంఘం ఆగలేదు, పాడుతూనే ఉంది. రెండో చరణంలో కరెంటు వచ్చింది. నేను ఉత్సాహంగా రెండు చేతులూ వేశాను. కీబోర్డు ఆరి వెలిగేసరికి, అంతకుముందు నేను పెట్టుకున్న ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే బటన్) సున్నాకు వచ్చేసింది. సంఘం ఒక శ్రుతిలో, నేను ఇంకో శ్రుతిలో. ముందు వరసలోని పెద్దమ్మగారు వెనక్కి తిరిగి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ బటన్ మీద బతికేవాడికి ఇలాంటి రోజు ఒకటి తప్పదు.

ఈ విద్యలో మనకు దగ్గరి గురువులు ఎవరో చెప్పనా? పౌరాణిక నాటకాల హార్మోనిస్టులు. కర్నూలు, అనంతపురం పల్లెల్లో పద్యనాటకానికి వాయించే హార్మోనిస్టు నటుణ్ని "శ్రుతి ఎంత?" అని అడుగుతాడు. "నాలుగున్నర" అని హార్మోనియం మెట్ల లెక్క చెబితే చాలు, ఏ బటనూ లేకుండా అక్కడి నుంచి ఎత్తుకుంటాడు. నటుడు రాగం లాగినంతసేపూ నీడలా వెంట నడుస్తాడు, ఎక్కడా ముందుకు పోడు. పాడేవాడి వెంట నడవడం అంటే అదే. అలాంటి వ్యక్తి మీ ఊళ్లో ఉంటే నాలుగు రాత్రులు పక్కన కూర్చోండి. చర్చి పెద్దలు నాటకాల దగ్గర ఏం పని అంటే, శ్రుతి నేర్చుకుంటున్నానని చెప్పండి.

సాధన ఇలా: వారానికి ఒక కీర్తన. సోమవారం ఒకటో శ్రుతిలో, మంగళవారం రెండులో, బుధవారం మూడులో, అలా శనివారానికి ఐదున్నర దాకా. కాగితం మీద రాసుకోకూడదు.

మూడో మెట్టు: మన కీర్తనలకు స్వరసంగతి కట్టడం

స్వరసంగతి అంటే బాణీ కింద కలిసి నడిచే మిగతా స్వరాలు. నా లెక్కలో మొత్తం దారిలో విలువైన మెట్టు ఇదే, మనవాళ్లు దాటేసేదీ ఇదే.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటివారు పల్లవి, అనుపల్లవి, చరణాల పద్ధతిలోనే క్రైస్తవ కీర్తనలు కట్టారు. అదే పుస్తకంలో ఇంగ్లీషు బాణీలకు తెలుగు మాటలు కూర్చిన పాటలూ ఉన్నాయి. రెండో రకానికి నాలుగు గొంతుల స్వరసంగతి ముందే ఉంది: కుడిచేతికి పై రెండు గొంతులు, ఎడమచేతికి మూడోది, కాళ్లకు కింది గొంతు. దాన్ని నేర్చుకుంటే సరిపోతుంది. మొదటి రకానికి మీరే కట్టాలి, అక్కడే తెలివి బయటపడుతుంది.

మోహన రాగంలోని కీర్తన ఒకటి తీసుకోండి. స్వరాలు ఐదే: స రి గ ప ద. మ లేదు, ని లేదు. కీబోర్డు నేర్పేవారు మొదట చెప్పే మూడు కార్డులలో స-గ-ప ఒక్కటే ఇందులో ఇముడుతుంది. మ-ద-స పట్టుకున్నారంటే మధ్యమం చొరబడింది. ప-ని-రి పట్టుకున్నారంటే నిషాదం చొరబడింది. వినేవారికి పేరు తెలియకపోయినా, మోహన పోయి ఇంకేదో వచ్చిందని తెలుస్తుంది. మరి ఏం చేయాలి? ద-స-గ ఇముడుతుంది, వాడండి. పంచమం మీద ఆగాల్సి వస్తే నిషాదం తీసేసి ప-రి మాత్రమే పట్టుకోండి. అది ఖాళీగా వినిపిస్తుంది, ఆ ఖాళీయే అందం.

మాయామాళవగౌళ ఇంకా చిక్కు. సరళీస్వరాల రాగమే కదా అని చేయి వేస్తారు. పంచమం మీద కార్డు కట్టబోతే ప-ని పక్కన వచ్చేది శుద్ధ రిషభం. పంచమానికి ఆ రిషభానికి పొసగదు, చెవిలో గీసుకుంటుంది. చెవికి నచ్చాలని చతుశ్రుతి రిషభం వేస్తే రాగమే మారిపోతుంది. ఇలాంటి చోట నా పద్ధతి: కింద స-ప రెండూ తంబురాలా నిలిపి ఉంచడం, పైన బాణీ మాత్రమే వాయించడం, రెండో గొంతు కావాలంటే అదే రాగ స్వరాల్లో బాణీకి ఎదురు నడిపించడం. గమకం (స్వరాన్ని ఊపుతూ పలకడం) మెట్ల వాద్యంలో రాదు, రాబట్టాలని స్వరాన్ని వంచే పిచ్చ్ బెండ్ చక్రం తిప్పకండి. గమకం పాడేవారి గొంతులో ఉంటుంది, దానికి చోటు వదలండి.

ఇలా కనీసం పది కీర్తనలకు స్వరసంగతి కట్టి, స్టాఫ్ నొటేషన్‌లో (ఐదు గీతల పాశ్చాత్య స్వరలిపిలో) శుభ్రంగా రాసి పెట్టుకోండి. నా రెండో దరఖాస్తులో వాళ్లు ఎక్కువసేపు అడిగింది వీటి గురించే. జర్మన్ స్వరకర్త బాఖ్‌ను బాగా వాయించేవారు వాళ్ల దగ్గర బోలెడుమంది ఉంటారు.

నాలుగో మెట్టు: కాళ్లు

నేను ఎరిగినంతలో మన ఊళ్ల చర్చిల్లో సాధన చేయడానికి పైప్ ఆర్గన్ (గొట్టాల్లోకి గాలి పంపి మోగించే అసలు ఆర్గన్) దొరకదు. చెన్నైలో సెయింట్ జార్జ్ కేథడ్రల్‌లో ఉంది, బెంగళూరులో సెయింట్ ఆండ్రూస్ చర్చిలో ఉంది. కడప వాళ్లకు ముంబయి లైను రైలు ఎక్కితే చెన్నై. అనంతపురం వాళ్లకు బెంగళూరు సుమారు 210 కిలోమీటర్లు, బస్సులో ఉదయం వెళ్లి రాత్రికి రావచ్చు. కర్నూలు వాళ్లు పియానో గురువు కోసం హైదరాబాద్ చూసుకుని, ఆర్గన్ కోసం నెలకోసారి బెంగళూరు వెళ్లడం మేలు.

అక్కడి వాద్యకారుడికి ముందుగా ఉత్తరం రాయండి. మీ చర్చి ప్రెస్బిటర్ అయ్యగారి నుంచో, విచారణ గురువుల నుంచో పరిచయ పత్రం పట్టుకెళ్లండి. చెప్పాపెట్టకుండా వెళ్లి "ఒకసారి వాయిస్తాను" అంటే ఎవరూ తాళం తీయరు. పలచని తోలు అడుగు, చిన్న మడమ ఉన్న బూట్లు వేసుకోండి, రబ్బరు అడుగు మెట్లకు పట్టేస్తుంది.

నెలకోసారి తగిలే ఆర్గన్‌తో కాళ్లు అలవాటుపడవు. కాబట్టి ఇంట్లో మూగ పెడల్ బోర్డు (కాళ్లతో నొక్కే మెట్ల వరస) చేయించుకోండి. బ్రిటిష్, అమెరికన్ పద్ధతిలో 32 మెట్లు: 19 తెల్లవి, 13 నల్లవి. ఒక తెల్ల మెట్టు నడిమి నుంచి పక్క తెల్ల మెట్టు నడిమికి రెండున్నర అంగుళాలు. ఆ లెక్కన మొత్తం వెడల్పు సుమారు నాలుగడుగులు. ఈ కొలతలు కాగితం మీద గీసిస్తే వడ్రంగి చేస్తాడు. నాది చేసిన ఆయన మంచమా, మగ్గమా అని అడిగాడు. స్వరం రాకపోయినా ఫరవాలేదు, చూడకుండా కాలు సరైన చోట పడటమే కావాల్సింది. మోకాళ్లు దగ్గరగా ఉంచి, బొటనవేలి వైపు అంచుతో నొక్కడం మొదలుపెట్టండి, మడమ తర్వాత. కంప్యూటర్ ఉన్నవాళ్లు గ్రాండ్ఆర్గ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, కీబోర్డును మిడి తీగతో కంప్యూటర్‌కు కలిపితే ఆర్గన్ స్టాపులు (ఏ గొట్టాల వరస మోగాలో ఎంచే మీటలు) ఎలా పనిచేస్తాయో అర్థమవుతుంది.

స్టాపుల మీద అంకెలుంటాయి. 8 అంటే మామూలు శ్రుతి, 4 అంటే ఒక సప్తకం పైన, 16 అంటే ఒక సప్తకం కింద. ఎనిమిదడుగుల తెరిచిన గొట్టం అట్టడుగు స్వరాన్ని ఇస్తుంది కాబట్టి ఆ లెక్క వచ్చింది. మొదటిసారి కూర్చున్నప్పుడు ఒక్క 8 స్టాపుతో మొదలుపెట్టండి. అన్నీ లాగితే మీకే భయమేస్తుంది.

ఐదో మెట్టు: కాగితాలు

బీకాం, బీఎస్సీ చదివి చర్చిలో వాయించేవారికి ఇదే పెద్ద అడ్డు. చాలాచోట్ల పీజీకి ముందు సంగీతంలో డిగ్రీ లేదా దానికి సమానమైన అర్హత అడుగుతారు. ట్రినిటీ కాలేజ్ లండన్ డిప్లొమాలు ఇక్కడ పనికొస్తాయి: గ్రేడ్ 8 తర్వాత ఏటీసీఎల్ (అసోసియేట్), ఆపైన ఎల్‌టీసీఎల్ (లైసెన్షియేట్). బ్రిటన్ అర్హతల పట్టికలో ఎల్‌టీసీఎల్‌ది ఆరో స్థాయి, అంటే డిగ్రీ చివరి ఏడాదితో సమానం. బ్రిటన్‌దే మరో పరీక్షల సంస్థ ఏబీఆర్ఎస్ఎం దారిలో వెళితే గ్రేడ్ 6 ప్రాక్టికల్‌కు ముందు గ్రేడ్ 5 థియరీ పాసవ్వాలని గుర్తుంచుకోండి. ఏది ఎంచుకున్నా పియానో మీద చేయండి, కీబోర్డు గ్రేడులు ఈ పనికి అంతగా కలిసిరావు. మన మూడేళ్ల డిగ్రీని ఒప్పుకుంటారా అని ప్రతి విశ్వవిద్యాలయానికీ విడిగా రాసి అడగండి. శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాల్లో చదివినవారు పరీక్షల విభాగం నుంచి ట్రాన్‌స్క్రిప్టులు (మొత్తం మార్కుల అధికారిక పత్రాలు) ముందే తెప్పించుకోండి, చివరి వారంలో పరుగెత్తకండి.

ఆరో మెట్టు: ఆరాధనక్రమం తెలియనివాడు ఆర్గనిస్టు కాడు

మనకు ఇక్కడొక వరం ఉంది, గమనించం. మూడు నాలుగు ఆరాధన సంప్రదాయాలు బస్సు దూరంలో ఉన్నాయి. కడప వైపు లండన్ మిషన్ 1822 నుంచి పనిచేసింది, అది కాంగ్రిగేషనల్ (ప్రతి సంఘమూ తన వ్యవహారాలు తానే చూసుకునే) వారసత్వం, పాట, ప్రసంగం దాని ప్రాణం. నంద్యాల వైపు ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకపు వారసత్వం. కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులది. కర్నూలు కథోలిక మేత్రాసనం (బిషప్పు పరిధి) 1967లో, కడపది 1976లో ఏర్పడ్డాయి. 1947 సెప్టెంబరు 27న చెన్నై సెయింట్ జార్జ్ కేథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) పుట్టినప్పుడు ఈ ధారల్లో కొన్ని కలిశాయి, నంద్యాల ఆంగ్లికన్లు మాత్రం విడిగా ఉండి 1975లో చేరారు. ఒక్కోచోట ఒక్కో ఆదివారం వెనక వరసలో కూర్చోండి. వాద్యం ఎప్పుడు మోగుతుందో, ఎప్పుడు మౌనంగా ఉంటుందో రాసుకోండి. ఆ నోటుపుస్తకమే మీ మొదటి పాఠ్యగ్రంథం.

మౌనం అంటే గుర్తొచ్చింది. కథోలిక నియమాల ప్రకారం తపస్సుకాలంలో (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాసకాలం, దీన్నే శ్రమకాలం అనీ అంటారు) ఆర్గన్ పాటకు ఊతంగా మాత్రమే మోగాలి, విడిగా వాయించకూడదు. ఆ కాలంలోని నాలుగో ఆదివారానికీ, మహోత్సవాలకూ, పండుగలకూ మినహాయింపు ఉంది. మన క్వయర్లలో దీన్ని పాటించేవారు అరుదు, మట్టల ఆదివారానికి వాయించినంత హోరుగా శుభ శుక్రవారానికీ వాయిస్తారు. ప్రవేశ పరీక్షలో "శ్రమకాలంలో మీరు ఏం మారుస్తారు?" అని అడిగితే, "ఏమీ మార్చను" అనే జవాబు సీటు తెచ్చిపెట్టదు.

కథోలిక బిషప్పుల రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ఆమోదించిన దైవార్చన శాసనంలో 119, 120 సంఖ్యల భాగాలు పక్కపక్కనే ఉంటాయి. మొదటిది మిషన్ దేశాల ప్రజల సొంత సంగీత సంప్రదాయాలకు తగిన గౌరవం ఇవ్వమంటుంది. రెండోది పైప్ ఆర్గన్‌ను ఘనంగా ఎంచమంటుంది. మోహన రాగ కీర్తనను ఆర్గన్ మీద వాయించబోయే మనిషి ఈ రెండింటి మధ్య కూర్చుని ఉంటాడు. మీ దరఖాస్తు వ్యాసం అక్కడి నుంచి రాయండి. సీఎస్ఐ వాళ్లు 1963లో వచ్చిన సామాన్య ఆరాధన గ్రంథాన్ని చదవాలి.

చదువు కావాలంటే దగ్గర్లో ఉంది. బెంగళూరులో 1967 నుంచి ఎన్‌బీసీఎల్‌సీ (బైబిలు, ఉపదేశ, దైవార్చన జాతీయ కేంద్రం) కథోలికులకు దైవార్చనలో శిక్షణ ఇస్తోంది. హైదరాబాద్ ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల, బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజ్ వేదాంత డిగ్రీలిచ్చే శ్రీరాంపూర్ సెనేట్ పరిధిలో వేదాంతం బోధిస్తాయి. ఉద్యోగం వదలలేనివారు సెనేట్ దూరవిద్య కోర్సులు చూడవచ్చు.

ఏడో మెట్టు: ఎక్కడికి

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు పవిత్ర సంగీత సంస్థ 1973లో మొదలైంది. అది సంగీత పాఠశాలకూ వేదాంత పాఠశాలకూ వారధి, చేరినవారికి బోధన రుసుము ఉండదు. పోటీ అందుకు తగినట్టే ఉంటుంది. నోట్రడామ్ విశ్వవిద్యాలయంలో పవిత్ర సంగీతంలోనే మాస్టర్స్ ఉంది. రోములో పదో పయస్ పోపు కాలంలో, 1910లో స్థాపించిన పొంటిఫికల్ పవిత్ర సంగీత సంస్థ కథోలికులకు తగినది, ఇటాలియన్ నేర్చుకోవాలి.

నా మొగ్గు జర్మనీ వైపు. అక్కడ చర్చి సంగీతం ఒక జీతపు వృత్తి. 'బి' డిగ్రీ స్థాయి, 'ఎ' మాస్టర్స్ స్థాయి. ఆశువుగా వాయించడాన్ని ప్రధాన పాఠంగా బోధిస్తారు. రేగెన్స్‌బర్గ్‌లోని కథోలిక చర్చి సంగీత కళాశాల 1874 నాటిది. ప్రభుత్వ సంస్థల్లో ఎక్కువచోట్ల బోధన రుసుము లేదు. బాడెన్-వ్యూర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరోపియన్ యూనియన్ బయటివారికి సెమిస్టరుకు 1,500 యూరోలు. జర్మన్ భాష మాత్రం తప్పదు, దానికే ఏడాదిన్నర పెట్టుకోండి.

ఎనిమిదో మెట్టు: రికార్డింగు, డబ్బు

వీడియోలో చేతులు, కాళ్లు రెండూ కనిపించాలి. ఒకే షాటు, కత్తిరింపులు వద్దు. సాధారణంగా బాఖ్‌ది ఒకటి, పంతొమ్మిదో శతాబ్దపుది ఒకటి, ఆధునికమైనది ఒకటి అడుగుతారు. కీర్తన ఒకటి అడిగితే సంఘం పాడుతుండగా తీయండి, ఖాళీ గదిలో కాదు. మా సంఘం మూడు ప్రయత్నాల్లో రెండుసార్లు నాకంటే నెమ్మదిగా పాడింది. వాళ్లతో నెమ్మదించిన వీడియోనే పంపాను. అమెరికా దరఖాస్తులు చాలావరకు డిసెంబరు, జనవరిలో ముగుస్తాయి, చదువు ఆగస్టు చివర మొదలవుతుంది. అంటే ముందు ఏడాది ఎండాకాలం సెలవుల నాటికి రచనలు చేతిలో ఉండాలి.

డబ్బు దగ్గర నేను ఓడిపోయాను, దాచుకునేది లేదు. రెండోసారి సీటు వచ్చింది, బోధన రుసుము లేదని సంబరపడ్డాను, బతకడానికి చూపించాల్సిన మొత్తం లెక్క వేసుకోలేదు. జర్మనీ విద్యార్థి వీసాకు బ్లాక్డ్ అకౌంటులో (నెలకు ఇంతేనని పరిమితితో డబ్బు తీసుకునే ఖాతాలో) ముందుగా వేయాల్సింది 2024 సెప్టెంబరు నాటికి ఏడాదికి 11,904 యూరోలు. ఈ మొత్తం మారుతుంటుంది, దరఖాస్తు చేసేముందు కొత్త అంకె చూసుకోండి. సంగీత పీజీలకు జర్మన్ విద్యా మార్పిడి సంస్థ డాడ్ (DAAD) ఉపకారవేతనం విడిగా ఉంది, దాని గడువు కళాశాల గడువుకంటే చాలా ముందు ముగియవచ్చు. ముందు దానికే దరఖాస్తు చేయండి.

వెళ్లేముందు మీ సంఘం కమిటీ పెద్దలతో కూర్చుని ఒక మాట అడగండి: తిరిగొస్తే నెలకు ఎంత ఇస్తారు? మర్యాదగా, కాఫీ తాగుతూనే అడగండి, కానీ అంకె చెప్పించుకోండి. మేం అడిగిన చోట మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కోశాధికారి గారు పుస్తకం తెరిచి, ఇంతవరకు ఆ పద్దే లేదని చూపించి, పెన్సిల్‌తో కొత్త గీత గీశారు.